పానా పట్టినవాళ్లకే తెలిసే పాత జీపు విశేషాలు

పాత విల్లీస్ జీపు ఎడమవైపు చక్రం ఊడదీయాలంటే నట్టును గడియారం ముల్లు తిరిగే దిక్కుకే తిప్పాలి. మామూలుగా మనం నట్లు బిగించే దిక్కు అది. కుడివైపు చక్రాలకు అందరికీ తెలిసిన మర, ఎడమవైపు చక్రాలకు ఎడమ మర పెట్టారు. బండి ముందుకు పోతుంటే చక్రం తిరిగే తీరుకు నట్టు దానంతటదే వదులవుతుందేమోనని ఆనాటి ఇంజినీర్ల భయం. ఎడమ మర ఉన్న స్టడ్డు కొసన ‘ఎల్’ అక్షరం కొట్టి ఉంటుంది. దాని మీద దశాబ్దాల మట్టి, గ్రీజు గట్టిపడి ఉంటాయి కనుక కొత్తవాళ్లకు కనపడదు. పానాకు పైపు తగిలించి బలమంతా పెడతారు, స్టడ్డు పుటుక్కున విరుగుతుంది. అందుకే పాత బండ్ల పని తెలిసిన మేస్త్రీ చక్రం దగ్గర కూర్చోగానే మొదట అందుకునేది పానా కాదు, వైరు బ్రష్షు.

ఇలాంటి చిన్న చిన్న సంగతులే పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లను పట్టుకుని వేలాడేవాళ్లకు ప్రాణం. షెడ్డులో మూలపడిన జీపునో జిప్సీనో తెచ్చుకుని, సెలవురోజుల్లో కింద దూరి, ఒక్కో భాగం విప్పి, కడిగి, మళ్లీ బిగించుకునే వ్యసనం ఇప్పుడు మన ఊళ్లలోనూ బాగానే ఉంది. ఆ బండ్ల పుట్టుక, బతుకు, వాటికి చేసే మార్పులు, వాటి వెనక ఉన్న లెక్కల గురించి కొన్ని విశేషాలివి.

49 రోజుల పెళ్లిపనులు

1940 జులైలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పెట్టింది: తేలికగా ఉండి, నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి, నమూనా 49 రోజుల్లో చేసి చూపించాలి అని. ఆ గడువు చూసి పెద్ద కంపెనీలు వెనక్కి తగ్గాయి. దివాలా అంచున ఉన్న బ్యాంటమ్ అనే చిన్న కంపెనీ ముందుకొచ్చింది. కార్ల్ ప్రోబ్‌స్ట్ అనే ఇంజినీరు రెండు రోజుల్లో మొదటి నక్షలు గీశాడు. సెప్టెంబరు 23న, గడువుకు అరగంట ముందు, నమూనా బండి మేరీల్యాండ్‌లోని హోలాబర్డ్ సైనిక శిబిరం గేటు దాటింది. తీరా భారీ ఆర్డరు మాత్రం బ్యాంటమ్‌కు దక్కలేదు. అన్ని బండ్లు చేసే శక్తి దానికి లేదని, మంచి ఇంజిన్ ఉన్న విల్లీస్‌కు, పెద్ద ఫ్యాక్టరీలున్న ఫోర్డ్‌కు పని అప్పగించారు. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి ఆ రెండూ కలిసి దాదాపు 6 లక్షల 40 వేల జీపులు చేశాయి.

ఫోర్డ్ చేసినా, విల్లీస్ చేసినా బండి ఒకటే కావాలి, ఒకదాని సామాను ఇంకోదానికి పట్టాలి అన్నది సైన్యం షరతు. ఫోర్డ్ ఒప్పుకుంది కానీ తన భాగాల మీద, చివరికి బోల్టు తలల మీద కూడా, ‘ఎఫ్’ అక్షరం అచ్చు కొట్టింది. ఈ రోజు యుద్ధకాలపు జీపును యథాతథంగా నిలబెట్టాలనుకునేవారు ఆ ‘ఎఫ్’ బోల్టుల కోసం పాత ఇనుప సామాను గుట్టలు గాలిస్తారు. ఇంకో గుర్తు ముందున్న జాలీ. యుద్ధకాలంలో ఫోర్డ్ రేకును అచ్చుకొట్టి చేసిన జాలీకి తొమ్మిది చీలికలు. యుద్ధం తర్వాత విల్లీస్ జనానికి అమ్మిన జీపుకు ఏడు. లోకమంతా జీపు గుర్తుగా పట్టుకున్నది ఆ ఏడు చీలికల్నే.

యుద్ధపు జీపు, వ్యవసాయపు జీపు చూడటానికి అన్నదమ్ములు. గేర్ల లెక్క తీస్తే తేడా తెలుస్తుంది. యుద్ధపు జీపులో మొదటి గేరు 2.665, బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో లో గేరు 1.97, ఇరుసులో 4.88. ఈ మూడింటినీ హెచ్చవేస్తే దాదాపు 25.6 వస్తుంది. అంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజిన్ పాతికసార్లకు పైగా తిరుగుతుంది. 1945లో రైతుల కోసమని తెచ్చిన సీజే-2ఏ మోడల్లో ఆ అంకెలు 2.798, 2.46, 5.38. హెచ్చవేస్తే 37. నాగలి లాగాలంటే వేగం అక్కర్లేదు, పట్టు కావాలి. రాళ్ల మీద మెల్లగా పాకే బండి కావాలనుకునే ఔత్సాహికులు ఇప్పటికీ ముందు చూసుకునేది ఈ హెచ్చవేతనే. ఇంజిన్ ఎన్ని గుర్రాలదన్నది తర్వాతి మాట. ఆ యుద్ధపు జీపు ఇంజిన్ బలం 60 గుర్రాలే మరి!

మన దేశంలో జీపు

1947లో విల్లీస్ నుంచి 75 జీపులు విడి భాగాలుగా బొంబాయి చేరాయి. తెప్పించినది మహీంద్రా సోదరులు, గులాం మహమ్మద్ కలిసి 1945లో పెట్టిన కంపెనీ. దేశ విభజన తర్వాత గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి ఆ దేశానికి తొలి ఆర్థిక మంత్రి, ఆ తర్వాత గవర్నర్ జనరల్ అయ్యాడు. ఇక్కడ మిగిలినది మహీంద్రా అండ్ మహీంద్రా. బొంబాయిలోని మజ్‌గావ్ ఫ్యాక్టరీలో బిగించిన జీపులే ఊరూరా తిరిగాయి. బ్లాకు డెవలప్‌మెంటు ఆఫీసరు వచ్చినా, మలేరియా మందు కొట్టేవాళ్లు వచ్చినా, ఎన్నికల పెట్టెలు వచ్చినా జీపులోనే. మన పెద్దవాళ్లకు జీపు అంటే ప్రభుత్వం.

మహీంద్రా పాత జీపుల బానెట్ ఎందుకంత ఎత్తుగా ఉంటుందో గమనించారా? దానికి కారణం అందం కాదు. సీజే-3బీ అనే మోడల్‌కు ‘హరికేన్’ ఇంజిన్ పెట్టారు. అంతకుముందు ఇంజిన్లలో రెండు రకాల వాల్వులూ పక్కన, బ్లాకులోనే ఉండేవి. ఇందులో గాలి పెట్రోలు లోపలికి వచ్చే వాల్వులు పైన హెడ్డులోకి, పొగ బయటికి పోయేవి పక్కనే బ్లాకులో. దాంతో ఇంజిన్ పొడుగైంది. బాడీ మొత్తం మార్చే ఖర్చు పెట్టుకోకుండా బానెట్‌ను పైకి లేపేశారు. అమెరికాలో ఈ మోడల్ 1968లో ఆగిపోయింది. మన దగ్గర ఆ వంశం దశాబ్దాలు సాగింది. ఇంకో చిత్రం, 2018లో మహీంద్రా ఆ కుటుంబంలోని బండినే రాక్సర్ పేరుతో అమెరికాలోని మిషిగన్‌లో తయారుచేసి పొలాల్లో, అడవి దారుల్లో వాడుకోవడానికి అమ్మింది. జీపు హక్కులున్న కంపెనీ కోర్టుకెక్కితే ముఖం మార్చుకోవాల్సి వచ్చింది.

పెట్రోలు ధర పెరిగిన రోజుల్లో మనవాళ్లు చేసిన పెద్ద మార్పు గుండె మార్పిడి. పెట్రోలు ఇంజిన్ దించేసి డీజిల్ ఇంజిన్ ఎక్కించడం. పెర్కిన్స్ ఇంజిన్ జీపు, మాటడార్ ఇంజిన్ జీపు అని విడివిడిగా పిలుచుకునేవారు. మాటడార్ వ్యాన్‌లోది బెంజ్ వారి ఓఎం616 డీజిల్ ఇంజిన్. దాన్ని జీపు చాసిస్ మీద కూర్చోబెట్టడానికి లేతు మీద అడాప్టర్ ప్లేట్లు కోసి, మౌంటింగులు మార్చి, ప్రొపెల్లర్ షాఫ్టులు పొట్టి చేసి, మళ్లీ బ్యాలెన్సు చూసుకునేవారు. ఏ కాలేజీలోనూ చదవని మేస్త్రీలు నేల మీద సుద్దముక్కతో గీసుకుని చేసిన ఇంజినీరింగ్ అది. ఆ చేతులకు దక్కాల్సినంత పేరు దక్కలేదన్నది నా అభిప్రాయం. తర్వాత కంపెనీయే ప్యూజో డీజిల్ ఇంజిన్లతో ఎంఎం540 లాంటి మోడళ్లు తేవడంతో ఆ అవసరం తగ్గింది.

సైన్యం వాడి వేలానికి పెట్టిన బండ్లలో నిస్సాన్ జోంగాది వేరే కథ. జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో 1999 దాకా తయారైంది. ఆరు సిలిండర్లు, 3,956 సీసీ పెట్రోలు ఇంజిన్. లోపల మనిషి కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. పెట్రోలు మాత్రం మంచినీళ్లలా తాగుతుంది. క్రికెటర్ మహేంద్రసింగ్ ధోనీ 2019లో ఒక జోంగా కొనుక్కున్నాక దాని మీద అందరి చూపూ పడింది.

సందక్‌ఫూ కొండ మీది ముసలి బండ్లు

పాత బండి ఎంతకాలం బతుకుతుందో చూడాలంటే డార్జిలింగ్ జిల్లాలోని మానేభంజన్ వెళ్లాలి. అక్కడి నుంచి 3,636 మీటర్ల ఎత్తున్న సందక్‌ఫూ శిఖరం దాకా దాదాపు 31 కిలోమీటర్ల దారి. పశ్చిమ బెంగాల్‌లో అంతకంటే ఎత్తైన చోటు లేదు. కాంక్రీటు పడకముందు అది దారి కాదు, బండరాళ్ల మెట్లు. ఆ మెట్ల మీద యాత్రికులను ఎక్కించుకుని తిరిగినవి 1950ల నాటి ల్యాండ్ రోవర్లు. తేయాకు తోటల దొరలు వదిలి వెళ్లినవి. తాత నడిపిన బండిని మనవడు నడుపుతున్న ఇళ్లున్నాయి.

ఈ ల్యాండ్ రోవర్ పుట్టుకలోనూ జీపు ఉంది. రోవర్ కంపెనీ ఇంజినీరు మారిస్ విల్క్స్ తన పొలంలో యుద్ధపు జీపు ఒకటి వాడేవాడు. అది పాడైతే దాని స్థానంలో ఏం కొనాలన్న ఆలోచనలోంచి, వేల్స్‌లోని ఒక సముద్రతీరాన ఇసుకలో గీసిన బొమ్మ నుంచి ల్యాండ్ రోవర్ మొదలైంది. తొలి నమూనాను జీపు చాసిస్ మీదే కట్టారు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో జనానికి చూపారు. యుద్ధం తర్వాత ఇనుముకు రేషన్, అల్యూమినియం మాత్రం విమానాల ఫ్యాక్టరీల దగ్గర మిగిలిపోయింది. కనుక బాడీ అల్యూమినియంతో చేశారు. కరువు వల్ల చేసిన ఆ పనే బండికి ఆయుష్షు పోసింది. హిమాలయాల పొగమంచులో డెబ్బై ఏళ్లు తడిసినా బాడీకి తుప్పు పట్టలేదు. కింద ఉక్కు చాసిస్‌కు పట్టింది, దాన్ని అతుకులేసి నిలిపారు.

సందక్‌ఫూ బండ్లలో చాలావాటికి పుట్టినప్పటి ఇంజిన్ లేదు, మహీంద్రా డీజిల్ ఇంజిన్లు ఎక్కాయి. అసలుది దొరకనప్పుడు దొరికే దానితో బండి నడపాలి కదా. బయటి దేశాల సేకర్తలు ఇది చూసి బాధపడొచ్చు. నాకు మాత్రం అద్దాల గదిలో మెరిసే బండి కంటే, మార్చిన ఇంజిన్‌తో కొండెక్కుతున్న ఈ బండే గొప్పగా కనిపిస్తుంది. బండి పుట్టింది తిరగడానికి.

జిప్సీ అంటే ఎందుకంత పిచ్చి

మారుతి జిప్సీ 1985 డిసెంబరులో వచ్చింది. 970 సీసీ, 45 గుర్రాల ఇంజిన్. 1996లో 1,298 సీసీ ఇంజిన్‌తో జిప్సీ కింగ్. 2000లో కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చాక బలం 80 గుర్రాలకు చేరింది. బండి బరువు వెయ్యి కిలోలకు కాస్త అటూఇటూ. బురదలో దిగబడితే నలుగురు కలిసి నెట్టి బయటపడేయొచ్చు. బరువైన బండ్లు తమ బరువుకే కూరుకుపోయే చోట జిప్సీ పైపైన పోతుంది.

దాని వంశంలో ఒక చిన్న కంపెనీ ఉంది. జపాన్‌లో హోప్ మోటార్ అనే సంస్థ మిత్సుబిషి ఇంజిన్ పెట్టి ఓఎన్360 అనే బుల్లి ఫోర్ వీల్ డ్రైవ్ బండి చేసింది, అమ్ముకోలేకపోయింది. సుజుకి 1968లో ఆ హక్కులు కొని, తన ఇంజిన్ పెట్టి, 1970లో ఎల్‌జే10 పేరుతో వదిలింది. మన జిప్సీ దాని మనవడి వరస.

జిప్సీ కింద పడుకుని చూస్తే ఒక విశేషం కనపడుతుంది. చాలా బండ్లలో ట్రాన్స్‌ఫర్ కేసు గేరు బాక్సుకే అతుక్కుని ఉంటుంది. జిప్సీలో విడిగా, చాసిస్‌కు రబ్బరు మౌంటుల మీద వేలాడుతుంది. గేరు బాక్సు నుంచి దానికి ఒక పొట్టి షాఫ్టు, అక్కడి నుంచి ముందుకొకటి, వెనక్కొకటి. మొత్తం మూడు షాఫ్టులు. ఇంజిన్, గేరు బాక్సు మార్చినా ట్రాన్స్‌ఫర్ కేసు జోలికి పోనక్కర్లేదు కనుక మార్పులు చేసేవాళ్లకు ఇది వరం. ఎస్టీమ్‌లోని 1.3 లీటర్ల ఇంజిన్, బలెనోలోని 1.6 లీటర్ల ఇంజిన్ ఇదే కుటుంబానివి కావడంతో వాటి మీద అందరికీ మోజు. అదే అమరికలో ఒక బలహీనతా ఉంది. రబ్బరు మౌంటులు చీలితే బండి కదిలిన ప్రతిసారీ కింద నుంచి టకమని దెబ్బ వినిపిస్తుంది. గేరు బాక్సు పోయిందని భయపడి వేలకు వేలు ఖర్చుపెట్టే ముందు, టార్చి వేసి ఆ మౌంటులు చూడండి.

జిప్సీని ఎత్తు లేపడానికి అందరూ చేసే పని కమాన్ కట్టలను ఇరుసు మీదికి మార్చడం. కంపెనీ నుంచి వచ్చినప్పుడు కమాన్ పట్టాలు ఇరుసు కింద ఉంటాయి. వాటిని పైకి చేర్చితే కట్ట మందం, ఇరుసు గొట్టం మందం కలిసి నాలుగైదు అంగుళాల ఎత్తు వస్తుంది. కొత్త స్ప్రింగులు కొనక్కర్లేదు. అక్కడితో పని అయిపోతే బాగుండేది. బండి పెరిగింది కనుక స్టీరింగ్ రాడ్డు ఏటవాలుగా పడుతుంది, గుంటలో పడ్డప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే గుంజుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరిగి క్రాసులు త్వరగా అరుగుతాయి. బ్రేకు హోసులు చాలవు, చక్రం కిందికి వేలాడినప్పుడు తెగిపోయేంతగా సాగుతాయి. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే ఇరుసు మెలితిరిగి కమాన్ పట్టాలు ‘ఎస్’ ఆకారంలో వంగుతాయి. ఎత్తు ఒక్క రోజులో వస్తుంది. ఈ నాలుగింటినీ సరిచేయడానికి నెలలు పడుతుంది. సరిచేయకుండా రోడ్డెక్కించడం మాత్రం తప్పు.

టైరు మార్చితే స్పీడోమీటరు అబద్ధమాడుతుంది. జిప్సీ కింగ్ అసలు టైరు 205/70 ఆర్15, దాని వ్యాసం 668 మిల్లీమీటర్లు. చాలామంది వేసే 235/75 ఆర్15 వ్యాసం 733. దాదాపు పది శాతం ఎక్కువ. ముల్లు 60 చూపిస్తుంటే బండి 66 మీద పోతున్నట్టు. ఇంత చేసీ బండి కింద పెరిగే ఖాళీ 33 మిల్లీమీటర్లే. వ్యాసంలో పెరిగినదాంట్లో సగమే మనకు దక్కుతుంది. పైగా ప్రతి గేరూ ఆ పది శాతం మేర బరువెక్కుతుంది, బ్రేకు మీదా భారం పెరుగుతుంది.

తారు, బురద, నీళ్లు

ఎర్ర గుబ్బ లివరు లాగి ‘ఫోర్ వీల్’ వేసుకుని తారురోడ్డు మీద తిరిగేవాళ్లను చూస్తుంటాం. పాత జీపుకు, జిప్సీకి అది మంచిది కాదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం నడుస్తాయి. ఈ బండ్లలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ లేదు. రెండూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. మట్టిలో అయితే టైరు కాస్త జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు కనుక ఆ ఒత్తిడంతా షాఫ్టుల్లో, గేర్లలో మెలిపడి నిలుస్తుంది. కాసేపటికి లివరు వెనక్కి రాదు. అప్పుడు సుత్తి తీయకండి, బండిని తిన్నగా కొంత వెనక్కి నడపండి. మెలి విడిపోయి లివరు దానంతటదే వస్తుంది.

ముందు ఇరుసుతో వచ్చే ఇంకో చిక్కు మీద ఒక వ్యాపారమే పుట్టింది. యుద్ధం తర్వాత చవగ్గా దొరికిన జీపులు రోడ్డు మీద నడుపుతుంటే ముందు షాఫ్టూ, ఇరుసూ పనిలేకపోయినా తిరుగుతూ పెట్రోలు తింటున్నాయి. అమెరికాలో ఆర్థర్ వార్న్ అనే ఆయన 1948లో ముందు చక్రాలను ఇరుసు నుంచి విడదీసే హబ్బులు చేసి అమ్మాడు. ఆ వార్న్ పేరు ఇప్పుడు, దిగబడ్డ బండిని తాడుతో లాగే విన్చ్‌ల మీద కనిపిస్తుంది. విన్చ్ మాట వచ్చింది కనుక ఒక జాగ్రత్త. లాగేటప్పుడు ఉక్కు తాడు మీద తడి గోనెసంచో, పాత దుప్పటో తప్పకుండా వేయండి. తాడు తెగితే కొరడాలా వచ్చి కొడుతుంది. దుప్పటి బరువు దాన్ని నేలకు దించుతుంది. లాగుతున్నంతసేపూ తాడు బారులో మనుషులెవరూ ఉండకూడదు.

వాగు దాటి వచ్చాక చాలామంది ఇంజిన్ చూసుకుంటారు, ఇరుసు చూసుకోరు. దూరం నడిచాక ఇరుసులోని డిఫరెన్షియల్ వేడిగా ఉంటుంది. చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, సీళ్ల దగ్గర, బ్రీదర్ అనే గాలిరంధ్రం దగ్గర నీళ్లను లోపలికి పీలుస్తుంది. మర్నాడు డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేసి, వేలి మీద నాలుగు చుక్కలు పట్టి చూడండి. మంచి గేరు ఆయిల్ అయితే తేనెరంగులో ఉన్నా, నల్లగా ఉన్నా తేటగా జారుతుంది. నీళ్లు కలిసినది తెల్లగా, నురగగా ఉంటుంది. అలా ఉంటే ఆ రోజే మార్చేయాలి, లేకపోతే బేరింగులు తుప్పు పట్టి వాన వచ్చినట్టు రొద మొదలవుతుంది. దీనికి మందు చాలా చవక. బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తొడిగి బానెట్ ఎత్తు దాకా తెచ్చి కట్టేయడమే. నేను చెప్పదలిస్తే మొట్టమొదటి మార్పు ఇదే చేయించుకోమంటాను. లైట్లు, స్టిక్కర్లు ఆ తర్వాత.

నీళ్లలోంచి వచ్చిన డ్రమ్ము బ్రేకులు పట్టవు. మెల్లగా నడుపుతూ పెడల్ మీద తేలిగ్గా కాలు ఆనించి ఆరబెట్టుకోవాలి. ఆరాక కూడా ఎప్పుడో వీలు చూసుకుని డ్రమ్ములు విప్పి లోపలి మట్టి దులపాలి.

ఎండాకాలం సంగతులు

మన ఎండల్లో పాత పెట్రోలు జీపు మధ్యాహ్నం ఆగిపోయి, సాయంత్రం తనంతట తానే స్టార్టవుతుంది. దయ్యమేమీ పట్టలేదు. ఇంజిన్ వేడికి ఫ్యూయల్ పైపులోనే పెట్రోలు ఆవిరైపోతే పంపు లాగలేదు. పంపు మీద, పైపు మీద తడిగుడ్డ చుట్టడం పాత డ్రైవర్ల చిట్కా, ఇప్పటికీ పనిచేస్తుంది. పైపును సైలెన్సర్ మానిఫోల్డుకు దూరంగా తిప్పి కట్టడం శాశ్వత పరిష్కారం.

“థర్మోస్టాట్ వాల్వ్ తీసేద్దాం సార్, వేడెక్కదు” అన్న మాట మన మెకానిక్కు షెడ్లలో తరచూ వినపడుతుంది. వినకండి. ఇంజిన్ ఒక వేడికి వచ్చాకే పిస్టన్లూ, బోరూ సరైన కొలతకు వస్తాయి. వాల్వు లేకపోతే ఇంజిన్ ఎంతసేపటికీ ఆ వేడికి రాదు, రింగులు త్వరగా అరుగుతాయి, ఆయిల్ పాడవుతుంది. బండి వేడెక్కుతోందంటే అసలు దోషం రేడియేటర్లో పేరుకున్న సున్నంలోనో, ఫ్యాను బెల్టులోనో ఉంటుంది. బోరునీళ్లు పోసిన రేడియేటర్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. పాత బండి రబ్బరు పైపులు, కార్బురేటర్లోని డయాఫ్రమ్‌లు దానికోసం చేసినవి కావు, ఉబ్బుతాయి, పగుళ్లిస్తాయి. ఇథనాల్ గాలిలోని తేమనూ పీలుస్తుంది కనుక నెలల తరబడి నిలిపే బండి ట్యాంకులో తుప్పు చేరుతుంది. ఇథనాల్‌ను తట్టుకునే హోసు పైపులు బజారులో దొరుకుతున్నాయి. ఒకసారి అన్నీ మార్చుకుంటే నిప్పు ప్రమాదం తప్పుతుంది.

గేరు ఆయిల్‌లోనూ ఇలాంటిదే ఒక తిరకాసు. డబ్బా మీద జీఎల్-5 అని చూసి, నాలుగు కన్నా అయిదు మేలనుకుని గేరు బాక్సులో పోస్తారు. ఇరుసులో క్రౌన్ పినియన్‌కు అది మంచిదే. గేరు బాక్సులోని ఇత్తడి సింక్రో రింగులను మాత్రం అందులోని గంధకపు మందులు తినేస్తాయి. అక్కడ జీఎల్-4 పోయాలి.

సెల్ఫ్ పనిచేయకపోతే ముందు నుంచి హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేసే జీపులు ఇంకా ఉన్నాయి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల వైపే ఉంచాలి, చుట్టూ తిప్పి పట్టకూడదు. ఇంజిన్ వెనక్కి తన్నిందంటే బొటనవేలి ఎముక విరుగుతుంది. కిందికి నొక్కకుండా ఎప్పుడూ పైకే లాగాలి. పిల్లలకు సరదాగా చూపించేటప్పుడైనా ఇది ముందు చెప్పి చూపించండి.

చట్టం ఏమంటుంది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపం నుంచి, రిజిస్ట్రేషన్‌లో నమోదైన వివరాల నుంచి బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇంజిన్ మార్చాలంటే ముందు రవాణా శాఖ అనుమతి, తర్వాత ఆర్‌సీలో నమోదు తప్పవు. ముందున్న ఇనుప బుల్ బార్‌లను 2017 డిసెంబరులోనే కేంద్రం వద్దంది. ఢీకొన్నప్పుడు దెబ్బను చాసిస్‌కు నేరుగా చేరుస్తాయి, పాదచారిని చంపుతాయి. హర్యానాలోని మండీ డబ్వాలీ లాంటి చోట్ల సైన్యం పాత సామానుతో కొత్తగా కట్టిన జీపులు అమ్ముతారు. చూడ్డానికి ముచ్చటేస్తుంది. కాగితాలు చాసిస్ నంబరుతో సరిపోకపోతే ఆ ముచ్చట మొదటి చెకింగ్‌తో తీరిపోతుంది.

యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021 జులైలో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ అని వచ్చే నంబరు, 20,000 రూపాయల ఫీజు, పదేళ్ల గడువు. రోజూ తిరగడానికి పనికిరాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్లొచ్చు. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పు జరిగి ఉండకూడదన్నది షరతు. ఆనాడు పెట్రోలు ఖర్చు తప్పించుకోవడానికి డీజిల్ ఎక్కించుకున్న విల్లీస్‌లకు ఇక్కడే అడ్డు పడుతుంది. మూలన పడేసిన అసలు ఇంజిన్‌ను పాత ఇనుముకు వేయకుండా దాచినవాళ్లు అదృష్టవంతులు.

మన దారుల్లో

మన దగ్గర పాత జీపు ఇంకా సరదా వస్తువు కాలేదు, పనిచేస్తూనే ఉంది. బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతానికి వెళ్లేది జీపుల్లోనే. నల్లమలలో ఇష్టకామేశ్వరి అమ్మవారి దగ్గరికి రాళ్ల దారిలో భక్తులను చేర్చేవీ జీపులే. ఆ దారిలో ఒక్కసారి వెళ్లివచ్చినవాళ్లకు కమాన్ పట్టాల విలువ నడుముకు తెలుస్తుంది. ఆ డ్రైవర్లు లో గేరులో బ్రేకు తాకకుండా దిగే పద్ధతి చూసి ఔత్సాహికులు నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

అలాగే ఎక్కడ నడపకూడదో కూడా తెలుసుకోవాలి. శ్రీకాకుళం నుంచి బాపట్ల దాకా మన తీరాల్లో శీతాకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వంద దాకా ఉంటాయి. పైకి ఏమీ కనపడదు. టైరు ఎక్కితే ఇసుక గట్టిపడి పిల్లలు పైకి రాలేవు, వచ్చినవి టైరు గాడిలో పడి సముద్రాన్ని చేరలేవు. బీచ్ డ్రైవింగ్ వీడియోలు ఎంత బాగున్నా ఆ నెలల్లో ఇసుక మీదికి బండి దించకండి. పులుల అభయారణ్యంలో అనుమతి లేని దారి పట్టడమూ అంతే, నేరం.

ఈ సరదాలోకి దిగాలనుకుంటే లక్షలు పోసి సామాను కొనే ముందు బండి కింద ఉన్న గ్రీజు నిపుల్స్ ఎక్కడెక్కడున్నాయో లెక్కపెట్టి ఒక కాగితం మీద రాసుకోండి. కింగ్ పిన్లు, టై రాడ్లు, క్రాసులు, షాకిళ్లు అన్నింటికీ నెలనెలా గ్రీజు గన్ పట్టండి. వేగం మీద ముందు చక్రాలు గజగజ ఊగే జబ్బు చాలావరకు కింగ్ పిన్ బేరింగుల దగ్గర, టై రాడ్ కీళ్ల దగ్గరే మొదలవుతుంది. గ్రీజు తప్పకుండా పడితే అది చాలాకాలం దగ్గరికి రాదు.

ఇక మీ ఊళ్లో, తాతగారి కొట్టంలో పాత జీపు ఉంటే ఈసారి వెళ్లినప్పుడు మూడు పనులు చేయండి. పాత ఆర్‌సీ పుస్తకం ఎక్కడుందో వెతికించి జాగ్రత్త చేయండి, అది లేకపోతే బండి ఇనుము కిందే లెక్క. చాసిస్ మీది నంబరు శుభ్రంగా తుడిచి, ఆర్‌సీలో ఉన్నదానితో పోల్చి ఫోటో తీయండి. పేరు మార్పిడి మిగిలి ఉంటే పెద్దవాళ్లు ఉండగానే సంతకాలు చేయించుకోండి. ఇంజిన్ సంగతి తర్వాత ఏ మేస్త్రీ అయినా చూసుకుంటాడు.